వియ్యం కాదు, వియన్నా

ఫిబ్రవరి 4

వేరు కాపురం కావాలని నేను ఎవరితోనూ అనలేదు. కాపురమే కావాలని అననిదాన్ని, వేరుది ఎలా అడుగుతాను?

ఇంట్లో చెబితే వినేవాళ్ళు లేరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. నందిగాం నుంచి సంబంధం వచ్చింది. పెద్ద ఇల్లు, ముగ్గురు అన్నదమ్ములు, ఒకే పొయ్యి. పిల్ల ఏం చేస్తోందని వాళ్ళు అసిరమ్మత్తని అడిగారు. నాన్న చెల్లెలు, టెక్కలిలో ఉంటుంది, ఈ సంబంధం తెచ్చింది ఆమే. అత్త అమ్మకి ఫోన్ చేసింది. అమ్మ పొంగిపోతూ, "పలాస కాలేజీలో ఫిజిక్సు సెప్తాది. సాయంత్రం పూట ఫోన్లో న్యూక్లియర్ సదువుతాది. అదంటే పేణం దానికి" అంది. అత్త అంత పొడుగు మాట మొయ్యలేక నందిగాంలో సగమే దింపింది: "గుంటకి న్యూక్లియర్ అంటే పేణమంట."

పెళ్ళిసంబంధాల లోకంలో ఆ మాటకి ఒకటే అర్థం. న్యూక్లియర్ ఫ్యామిలీ. అత్తమామలు ఉండకూడని ఇల్లు.

"కాలు పెట్టకముందే ఏరు కాపురం అడిగీసినాది, పెట్టినాక ఇంకేటడుగుతాదో అన్నారే తనూజా" అని అత్త ఫోన్లో ఏడ్చింది. అమ్మ స్పీకరు పెట్టి మరీ వినిపించింది.

నేను కూర్చోబెట్టి చెప్పాను. బాంబులు. అణ్వస్త్రాలు. ఉన్నవాళ్ళు తగ్గించుకోవాలి, లేనివాళ్ళు చేసుకోకూడదు, మాట తప్పేవాళ్ళని కనిపెట్టాలి. దానికో చదువుంది, నేను చేస్తున్నది ఆ కోర్సు. ఫీజు కూడా లేదు.

నాన్న శ్రద్ధగా విన్నారు. విని, "అయితే మాత్రం, అత్తోరింటోళ్ళని బాంబులతోటి పోల్సొచ్చా అమ్మా?" అన్నారు.

ఫిబ్రవరి 5

అబ్బాయి ఫోటో అమ్మ బల్లమీద పెట్టింది. చూడలేదు.

ఫిబ్రవరి 6

చూశాను, ఊరికే. శ్యాంసుందర్ అట. చెవులు కొంచెం పెద్దవి. మనిషి చెప్పేది వినేలా ఉన్నాయి. ఆ విషయం అంతటితో సరి.

ఫిబ్రవరి 9

ఈ వారం పాఠం వెరిఫికేషన్.

పలాస బస్సులో నిలబడి విన్నాను. ఒక చేతిలో రాడ్డు, ఒక చేతిలో ఫోను, చెవిలో ఒక ముసలాయన గొంతు. ఆయన దేశదేశాలు తిరిగి అణుకేంద్రాలు తనిఖీ చేసినవాడు. ఒక దేశం 'మా దగ్గర అలాంటివి లేవు' అని సంతకం పెడుతుంది. సంతకం పెట్టింది కదా అని ఊరుకుంటారా? ఊరుకోరు. వెళ్ళి తలుపులు తీయిస్తారు. డబ్బాలకి సీళ్ళు వేస్తారు. కెమెరాలు బిగిస్తారు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇది: ఒక తెల్ల గుడ్డముక్కతో గోడా బల్లా తుడిచి, ఆ గుడ్డని ల్యాబుకి పంపుతారు. కంటికి కనపడని రేణువు కూడా పట్టుబడిపోతుంది.

మా అమ్మ ఫ్రిజ్ మీద వేలితో గీసి, నేను తుడిచానో తుడిచానని చెప్పానో తేల్చేస్తుంది. ఆమెకి వాళ్ళు నేరుగా ఉద్యోగం ఇవ్వచ్చు.

నాలో నేనే నవ్వేశాను. పక్కన జీడిపిక్కల బస్తా మీద కూర్చున్నాయన నన్ను చూసి, "ఏటమ్మా, లవ్వా?" అన్నాడు.

"కాదండీ, యురేనియం."

"మంచి కుర్రోడేనా?"

కాలేజీలో స్తుతికి చెబితే స్టాఫురూము అదిరేలా నవ్వింది. స్తుతి మా ఊరి పిల్లే, ఇంగ్లీషు చెబుతుంది. జ్ఞానసుందరి టీచరుగారమ్మాయి. ఈ కోర్సు పూర్తిచేసినవాళ్ళలో కొందరిని జూన్ నెలంతా, ఆ అణుతనిఖీల ఆఫీసున్న వియన్నాకి పిలిచి, ఖర్చులు వాళ్ళే పెట్టుకుని శిక్షణ ఇస్తారని కనిపెట్టింది స్తుతే. కిందటి నెల నా చేత దరఖాస్తు పెట్టించింది కూడా. నేను ఊరికే పెట్టాను. రాకపోయినా ఏం లేదు.

ఫిబ్రవరి 13

మొదటి వడపోతలో ఉన్నాను!

మెయిలు చూసింది ల్యాబులో. పిల్లలు లోలకం ఊపుతుంటే నేనూ ఊగాను. ఇంటికొచ్చి గుమ్మంలోనే అరిచాను.

"ఎక్కడికే ఎల్తావంట?" అంది నాన్నమ్మ.

"వియన్నా!"

"ఎవులన్నా?"

"అన్న కాదు నాన్నమ్మా, ఊరు. వి-య-న్నా."

"వియ్యమా!" నాన్నమ్మ మంచం మీంచి లేచిపోయింది. "ఓలమ్మ, వియ్యం కుదిరిపోనాదేటి? నాకొక్క మాట సెప్పరేటర్రా!"

నేను కాళ్ళు కడుక్కుని వచ్చేలోపు బొడ్డమ్మగారి మనవరాలికి వియ్యం కుదిరిందన్న వార్త వీధి చివరిదాకా వెళ్ళి, అబ్బాయికి ఉద్యోగమా వ్యాపారమా అన్న ప్రశ్నగా తిరిగి వచ్చింది.

ఇంక రెండు పనులున్నాయి. ఒక వ్యాసం రాసి పంపాలి. ఎంపికైతే మార్చి ఆఖరుకి పాస్‌పోర్టు నంబరు ఇవ్వాలి, లేకపోతే సీటు వెనకున్నవాళ్ళకి పోతుంది. పోతే పోనీ. అంత ఆత్రం నాకేం లేదు.

ఆ మెయిలు మళ్ళీ మళ్ళీ తెరిచి చూసింది ఫోను పనిచేస్తోందో లేదో అని.

ఫిబ్రవరి 17

అసిరమ్మత్త టెక్కలి నుంచి జీడిపప్పు పాకం పట్టుకుని దిగింది. నందిగాం వాళ్ళు మెత్తబడ్డారట. అబ్బాయికి నా ఫోటో నచ్చిందట. (నచ్చుతుంది. అది స్తుతి తీసింది.)

ఒకటే షరతు. నేను అమ్మవారి ముందు కర్పూరం వెలిగించి, వేరు కాపురం మాట ఎప్పటికీ ఎత్తనని ఒట్టు వెయ్యాలి. వేస్తే జూన్ ఆఖర్లో ముహూర్తం.

"ఓస్, అంతేనా? వేసేస్తాను" అన్నాను.

అత్త నా నోట్లో పాకం ముక్క పెట్టింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న, "సూసేవా, నా కూతురు బంగారం" అన్నారు, మొన్న బాంబులన్న నోటితోనే.

ఇందులో ఏముంది? నేను అడగనిదాన్ని అడగనని చెప్పడానికి నాకేం కష్టం? ఒక కర్పూరం బిళ్ళ. ఒట్టు వేసి, వియన్నా వెళ్ళొచ్చి, పెళ్ళి చేసుకోవచ్చు. అన్నీ జరుగుతాయి. జూన్ సంగతి అత్తకి ఇప్పుడే చెప్పక్కర్లేదు.

మంచి శుక్రవారం చూసి ఒట్టు పెట్టుకుందాం అంది అత్త. చూసి చూసి ఏప్రిల్ మూడు తేల్చింది. స్తుతికి చెబితే, "ఆ రోజు మాకు గుడ్ ఫ్రైడేనే. మంచి శుక్రవారం కాక మరేటి!" అని బల్లమీద తల పెట్టి నవ్వింది.

ఫిబ్రవరి 20

వ్యాసానికి ఇచ్చిన అంశం: మీ ప్రాంతంలో అపనమ్మకం ఎక్కడుంది, మనుషులతో మాట్లాడి రాయండి.

ఎంత తేలిక! కొన్ని ప్రశ్నలు తయారుచేసుకున్నాను. మొదటిది, 'అణు అనే మాట వినగానే మీకేం గుర్తొస్తుంది?'

బస్టాపులో కొబ్బరికాయల వరహాలు: "అణానా? మా తాతకాడుండేవి."

నాన్నమ్మ: "అణుకువ. నీకది నేదు."

అమ్మ: "దీపావళికి మీ నాన్న కాల్సి, ఆవుని బెదరగొట్టీసినాడు సూడు, అది."

స్తుతి: "నీ మొహం."

ఇలా అయితే వ్యాసం కాదు, హాస్యకథ అవుతుంది. ఆదివారం సముద్రం వైపు తోటల్లోకి వెళ్తాను. అక్కడ నేను బాగా తెలిసినవాళ్ళు తక్కువ, శాస్త్రీయంగా ఉంటుంది.

ఫిబ్రవరి 22

శాస్త్రీయంగానే జరిగింది. నన్ను పట్టుకున్నారు.

వరసగా రాస్తాను. పొద్దున్నే బయల్దేరాను. జీడిమామిడి పూత వాసన, ఇసకలో చెప్పులు జారడం, నా హుషారు. ఒక తోటలో ముసలాయన్ని పలకరించి, "తాతా, అణు విద్యుత్తు గురించి ఎప్పుడైనా విన్నావా? ఈ చుట్టుపక్కల భూములు ఎవరివి?" అని అడిగాను. రెండో ప్రశ్న ఎందుకు అడిగానో దేవుడికి తెలియాలి. మాట కలపడానికి. ఆయన గొంతెత్తి ఎవరినో పిలిచాడు.

వచ్చింది ఝాన్సీలక్ష్మి పిన్ని. వెనక ఇంకొందరు ఆడవాళ్ళు.

పిన్ని అంటే బంధువేం కాదు. మా వీధి చివర ఇల్లు. పలాసలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పనికి పోతుంది. ఊళ్ళోకి భూములు కొలిచే టేపు పట్టుకుని ఎవరొచ్చినా ముందు ఆమెని దాటాలి. ఇంతవరకూ ఎవరూ దాటలేదు.

"బాలకిష్ణ కూతురివి కాదేటి నువ్వు? పంతులమ్మవి నీకు మా నేలల్తోటి ఏటి పని?"

"వ్యాసం పిన్నీ. అణు..."

"అద్గదీ! విన్నారేటే? కొవ్వాడలో అణువు కరెంటు కంపెనీ ఎడతామన్నారు, ఇప్పుడు ఇక్కడికి తెస్తన్నారు. సదూకున్న గుంటని ముందు తోలినారు, మనం ఏటీ అనమని."

"కాదు పిన్నీ! నేను కేంద్రాలు పెట్టేదాన్ని కాదు, బాంబులు వద్దనే..."

"ఆ బేగు ఇలా తే."

ఇచ్చాను. ఇవ్వకపోతే ఇంకా అనుమానం కదా. కానీ ఇచ్చినట్టే ఇచ్చి ఒకసారి వెనక్కి గుంజుకున్నాను. అదేం బ్యాగని? నాది. అందులోంచి నా దువ్వెన తీశారు. నా ఉప్మా డబ్బా తీసి వాసన చూశారు. ప్యాడ్ తీసి, మగాళ్ళకి కనపడకుండా గబుక్కున లోపల పెట్టేశారు, అంతవరకూ మర్యాదే. స్కేలు తీశారు.

"కొలతలకేనా?"

"పిల్లల రికార్డుల్లో గీతలకి పిన్నీ! అడుగు స్కేలుతో తోటలు కొలుస్తానా?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు పటం బయటపడింది.

అది ప్రపంచ పటం, పాఠంలోది, స్తుతి ప్రింటు తీసిచ్చింది. అణ్వస్త్రాలు ఉంచుకోం, ఎవరినీ ఉంచనివ్వం అని ఒప్పందం రాసుకున్న దేశాలకి ఆకుపచ్చ రంగు వేసి ఉంటుంది. ఆఫ్రికా పచ్చన. దక్షిణ అమెరికా పచ్చన. పిన్ని దాన్ని ఇసకలో పరిస్తే నలుగురూ వంగి చూశారు.

"ఈ రంగేసినవన్నీ ఆళ్ళు తీసీసుకున్నవా?"

"కాదు. రంగేసినచోట అణుబాంబులు పెట్టకూడదని ఆ దేశాల వాళ్ళంతా కలిసి రాసుకున్నారు."

"మనూరేదీ?"

చూపించాను. వేలు పెడితే రాష్ట్రమంతా మునిగిపోయింది.

పిన్ని చాలాసేపు చూసింది. "మరి మనకి రంగేల ఎయ్యనేదు?"

నేను నోరు తెరిచాను. ఫిజిక్సులో గోల్డ్‌మెడల్. అంత పెద్ద కోర్సు. నోరు మూసుకున్నాను.

"సూసేరా?" అంది పిన్ని మిగతావాళ్ళతో. "అక్కడికొచ్చీసరికి సెప్పదు."

బ్యాగు తిరిగి ఇచ్చింది. ఉప్మా ఇవ్వలేదు.

ఫిబ్రవరి 23

కాలేజీకి వెళ్ళలేదు. జ్వరం.

జ్వరం లేదు.

ఫిబ్రవరి 24

నాన్న మందస నుంచి ముఖం ముడుచుకుని వచ్చారు. "బాలకిష్ణా, మీ అమ్మాయి కంపెనీ మనిషంట కదా, తోటలెంతకిప్పిస్తాదేటి?" అని కొబ్బరికాయల షాపులో అడిగారట.

"ఏటన్నావు నాన్నా నువ్వు?"

"ఏటంటాను? కాదు, నా కూతురు ఏరు కాపురం కావాలంటాదంతే, కంపెనీ గింపెనీ నేదు అన్నాను."

నాన్న దృష్టిలో ఇది నన్ను కాపాడడం. నేను మంచం మీద బోర్లా పడి నవ్వాను. తరవాత కొంచెం ఏడ్చాను. మళ్ళీ నవ్వాను.

ఫిబ్రవరి 26

వ్యాసం అయిపోయింది. ముందు రాసిన 'గ్రామీణ ప్రాంతాల్లో అవగాహన లోపం' మొత్తం కొట్టేశాను. ఆ లోపం ఎవరిదో ఉప్మా డబ్బాతో సహా నాకు తెలిసింది.

ఉన్నది ఉన్నట్టు రాశాను, మనకి రంగెందుకు వెయ్యలేదన్న పిన్ని ప్రశ్న కూడా. నేను తనిఖీ నేర్చుకోవాలనుకున్నాను, ముందు నన్నే తనిఖీ చేశారు. దాచేదేం లేకపోయినా బ్యాగు వెనక్కి గుంజుకున్నాను. ఇంతకు ముందు పాఠం వింటూ, తలుపు తెరవనన్న దేశాలన్నీ దొంగలే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోలేను. అలాగని తెరవక్కర్లేదనీ అనను. నా బ్యాగు చూడకపోతే పిన్ని నన్ను నమ్మదు, చూసినా నమ్మలేదు. చూడటానికీ నమ్మడానికీ మధ్య ఇంకేదో ఉంది, అదేమిటో తెలీదు, అందుకే రావాలనుకుంటున్నాను అని ముగించాను.

పంపేశాను. రాకపోయినా ఏం లేదు.

ఫిబ్రవరి 28

ఉంది. రాకపోతే చాలా ఉంది. ఇక్కడ కూడా అబద్ధాలు రాసుకుంటే ఇంక ఎక్కడ ఆపుతాను?

మార్చి 6

వచ్చింది వచ్చింది వచ్చింది వచ్చింది!

మార్చి 7

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. జూన్ ఒకటి నుంచి. టిక్కెట్టు, గది, భోజనం వాళ్ళవే. మెయిల్లో ఒక వాక్యం: 'మీ పిన్నిగారి ప్రశ్నకి జవాబు మేమూ వెతుకుతున్నాం.' స్తుతి, నేను కాలేజీ వెనక జీడిచెట్ల కింద గెంతుతుంటే ప్రిన్సిపాల్ కిటికీలోంచి చూసి కిటికీ వేసేసుకున్నారు.

నాన్నమ్మ ఇప్పుడు సరిగ్గానే పలుకుతోంది. పాలామెతో, "వియ్యం కాదే పిచ్చిదానా, వియన్నా. బాంబులు లెక్కెట్టీ ఊరు" అంది.

అమ్మ మాత్రం, "జూన్ నెలంతానా?" అని క్యాలెండరు తిరగేసింది.

మార్చి 9

శ్రీకాకుళం వెళ్ళి పాస్‌పోర్టుకి వేలిముద్రలు ఇచ్చి వచ్చాను. ఇంక పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే. ఆ మాట కౌంటరు ఆవిడ నోట వినగానే నేను ఎందుకు నవ్వానో ఆవిడకి అర్థం కాలేదు.

మార్చి 17

కానిస్టేబుల్ విజయ్ కుమార్ గారు ఇంటికొచ్చారు. మజ్జిగ తాగి పెన్ను తీశారు.

"ఎందుకమ్మా ఎల్తన్నావు?"

"అణ్వస్త్ర వ్యాప్తి నిరోధం, నిరాయుధీకరణలో శిక్షణకండి."

పెన్ను గాల్లో ఆగింది. "టూరిజం అని సెప్పీకూడదేటమ్మా? నీకూ హాయి, నాకూ హాయి."

అమ్మ నావైపు 'అను' అన్నట్టు చూసింది. అనేద్దును. గొంతుదాకా వచ్చింది. "శిక్షణేనండి" అన్నాను. ఆయన నిట్టూర్చి, "నిరా... ఏటమ్మా?" అని నా చేత ఒక్కొక్క అక్షరం చెప్పించుకున్నారు.

తరవాత అసలు చిక్కు. ఇరుగుపొరుగువాళ్ళు ఇద్దరు సాక్షి సంతకం పెట్టాలి, బంధువులు కాకూడదు. మా వీధిలో బంధువులు కానివాళ్ళెవరు? ఎడమపక్క పెదనాన్న, కుడిపక్క చిన్నాన్న, ఎదురుగా నాన్న మేనమామ. పరాయివాళ్ళవి రెండే ఇళ్ళు. జ్ఞానసుందరి టీచరుగారు కళ్ళజోడు పెట్టుకుని, నన్ను దీవించి, సంతకం పెట్టారు.

రెండో ఇల్లు ఝాన్సీలక్ష్మి పిన్నిది.

మార్చి 18

సాయంత్రం వెళ్ళాను. పిన్ని గుమ్మంలో కూర్చుని చేతులకి కొబ్బరినూనె రాసుకుంటోంది. జీడి పని చేసేవాళ్ళ వేళ్ళు ఆ నూనె లేకపోతే మంటెత్తిపోతాయి.

"పోలీసాయన సెప్పినాడు. సంతకం కావాలంట."

"అవును పిన్నీ."

"పెడతాను. ఒట్టెయ్. మీ నాన్న మీద ఒట్టు, ఎన్నటికీ ఆ అణువు కంపెనీలోళ్ళకి పని సెయ్యను, మా నేలల జోలికి రానని. ఏసీయ్, ఇప్పుడే పెట్టీస్తాను."

ఒక్క మాట. అత్తకి ఒప్పుకున్నట్టే ఒప్పుకోవచ్చు. ఒక కర్పూరం బిళ్ళ కూడా ఖర్చు కాదు. పదమూడు రోజుల్లో గడువు.

నోరు తెరిచాను. పటం గుర్తొచ్చింది.

"మీ నేలల జోలికి రాను. ఆ ముక్క గట్టిగా చెప్తాను, అది నా చేతిలో ఉంది. కానీ రేపు ఎక్కడ పని చేస్తానో నాకే తెలీదు పిన్నీ. అణు కరెంటు మంచిదో చెడ్డదో కూడా పూర్తిగా తెలీదు. అది తెలుసుకోడానికే వెళ్తున్నాను. తెలీనిదానికి నాన్న మీద ఎలా ఒట్టెయ్యను?"

"ఎయ్యవు?"

"వెయ్యలేను."

పిన్ని లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు చప్పుడు లేకుండా వేసింది. చప్పుడు చేసినా బాగుండేది.

మార్చి 19

ఉగాది. పంచాంగంలో నా రాశికి విదేశీయానం ఉందట. నాన్నమ్మదీ అదే రాశి.

మార్చి 20

పొద్దున్న బస్టాపులో పిన్ని నా పక్కకొచ్చి నిలబడింది. నేను వరహాలు బండిలో కొబ్బరికాయలవైపు చూస్తున్నాను.

"నిన్న స్టేషన్‌కెల్లి పెట్టీసినాను" అంది.

"ఏంటి?"

"సంతకం! ఏటి నీకు సెవుడా?"

బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు. "ఒట్టు వెయ్యలేదుగా పిన్నీ?"

"అందుకే పెట్టినాను. కొలతలకొచ్చినోళ్ళు ఎంతమందిని సూసేననుకున్నావు? ఒట్టెయ్యండర్రా అంటే పిల్లల మీదేసినారు, అమ్మోరి మీదేసినారు, నా మీద కూడా ఏసినాడొకడు! అడగ్గానే ఏసీడమే. నువ్వొక్కదానివే ఎయ్యనన్నావు. దొంగ ముండవైతే టక్కున ఎయ్యవేటి?"

నేను ఆమెని కౌగలించుకున్నాను. నూనె వాసన. "ఒగ్గు ఒగ్గు, సీర నలిగిపోతాది" అంది గాని తనూ వెంటనే వదల్లేదు.

"ఊరికే కాదు, తెలిసినాదా? జూలైలో ఆ పటం పట్టుకుని మా ఫ్యాక్టరీకి రా. మనకి రంగేల ఎయ్యనేదో కనుక్కునొచ్చి మా తెలుగులో సెప్పు. ఆ కరెంటు సంగతి కూడా. తెలుసుకున్నాక మంచిదంటావో సెడ్డదంటావో, నా ఎదుట నిలబడి అను. అప్పుడు సూసుకుందాం మనిద్దరం."

ఫస్టవరు పోయింది. క్లాసులో పిల్లలకి ఏం చెప్పానో గుర్తు లేదు, వాళ్ళు మాత్రం చాలా సంతోషించారు.

మార్చి 28

నీలం పుస్తకం వచ్చింది. నంబరు పంపేశాను. 'అందింది' అని జవాబు. పాస్‌పోర్టులో నా ఫోటో దొంగతనం చేసి దొరికినదానిలా ఉంది. నాన్న దాన్ని ఊరంతా తిప్పి, ముందు ఆ కొబ్బరికాయల షాపులోనే చూపించారు.

మార్చి 31

అసిరమ్మత్త వచ్చింది. ఈ శుక్రవారం ఒట్టు, జూన్ ఆఖర్లో పెళ్ళి, జూన్ మొదట్లో పసుపు కొట్టడం. వియన్నా సంగతి అమ్మ చెప్పింది.

"నెల్లాళ్ళే కదా, మానీయ్" అంది అత్త. "ఏటేటా ఉంటాది ఆ ట్రైనింగు. కుర్రోడు ఏటేటా ఉండడు."

"ఒట్టేస్తానన్నావు కదే" అంది అమ్మ.

అన్నాను. నిజమే, పాకం ముక్క కూడా తిన్నాను.

అబ్బాయి నంబరు అడిగాను. అత్త కంగారు పడుతూనే ఇచ్చింది. పెరట్లోకి వెళ్ళి ఫోన్ చేశాను.

"శ్యాంసుందర్ గారూ, తనూజని. మీవాళ్ళు నన్ను ఒట్టు వెయ్యమంటున్నారు, తెలుసా?"

"తెలుసండి. నా చేత కూడా ఏయించినారు కదా."

"ఏమని?"

"ఏరు పడనని. అమ్మ అడిగినాది, ఏసీసినాను. మీరూ ఏసీస్తే ఓ పనైపోతాది."

"మీకు వేరు పడాలని ఉందా?"

అటు తలుపు వేసిన చప్పుడు వినపడింది. తరవాత మెల్లగా, "అంటే... ఉండబట్టే కదండీ ఏయించినారు" అన్నాడు.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అతనూ నవ్వాడు. మంచి నవ్వు. చెవులకన్నా బాగుంది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం, ఒకరు నందిగాంలో, ఒకరు పెరట్లో అరటిచెట్టు దగ్గర. నవ్వు అయ్యాక, "మీరైనా ఒట్టు తీసేసుకోండి" అన్నాను. "ఏసీసినాక ఎలాగండీ" అన్నాడు.

జాలేసింది. అడగ్గానే వేసేస్తానన్నదాన్ని నేనూ అంతే కదా, రేపు నాకేం కావాలనిపిస్తుందో తెలీకుండా ఆ ఒట్టు ఎలా వేస్తాను?

ఏప్రిల్ 2

ఫోటో అత్తకి తిరిగి ఇచ్చేశాను. ఇచ్చేముందు ఒకసారి చూశాను. మొత్తం ఎన్నిసార్లు చూశానో ఇక్కడ రాయను.

ఏప్రిల్ 3, శుక్రవారం

అమ్మవారి గుడికి వెళ్ళలేదు. ఒట్టు వెయ్యలేదు. నందిగాం వాళ్ళకి నేనే ఫోన్ చేసి ఈ సంబంధం వద్దని చెప్పాను. జూన్ ఒకటికి వియన్నాలో ఉంటాను.